పది తూటాల పరిమితితో అమెరికాలో కాల్పులు తగ్గుతాయా?

మీరు రాసిన దాన్ని ముందు నా మాటల్లో పెడతాను. మీవారికి సియాటెల్ వైపు ఉద్యోగం వచ్చింది, టెక్సస్ నుంచి వాషింగ్టన్ రాష్ట్రానికి మారుతున్నారు. గ్రీన్‌కార్డు వచ్చాక కొన్న గ్లాక్ 19 పిస్టల్ ఒకటి ఇంట్లో ఉంది. దానితో వచ్చిన మ్యాగజైన్లు (తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే పెట్టెలు) ఒక్కోటి 15 తూటాలు పట్టేవి. అక్కడ 10కి మించి పట్టేవి అమ్మకూడదని చట్టం ఉందట. మీవారేమో "రెండు సెకన్లలో ఇంకోటి పెట్టుకోవచ్చు, ఇదంతా ఓట్ల కోసం హడావుడి" అంటున్నారు. మీ అమ్మాయి స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ (కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో నేర్పే సాధన) చేసొచ్చిన రాత్రి నిద్రపోలేదు కాబట్టి, ఆ చట్టం దేశమంతా పెడితే ఈ చావులు ఆగుతాయేమో అని మీకనిపిస్తోంది. నిజంగా ఆగుతాయా అన్నది మీ ప్రశ్న.

నేను టెక్సస్‌లోనే ఒక ట్రామా సెంటర్‌లో రిజిస్ట్రీ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కాల్పుల్లో గాయపడి వచ్చిన ప్రతి మనిషి ఫైలూ చదివి ఎన్ని గాయాలు, ఏ అవయవానికి, ఎక్కడ, ఎలాంటి గొడవలో అన్నది కోడ్ చేసి పెట్టడం మా పని. నా దగ్గరా పిస్టల్ ఉంది, కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్తుంటాను. అంటే రెండు వైపుల వాళ్లకూ నా మీద అనుమానమే.

నా లెక్క ఇది. రోజూ జరిగే తుపాకీ చావులు ఈ పరిమితి వల్ల కంటికి ఆనేంతగా తగ్గవు. మాస్ షూటింగుల్లో, అంటే ఒకేచోట చాలామందిని కాల్చే సంఘటనల్లో, పోయే ప్రాణాల సంఖ్య మాత్రం తగ్గుతుంది. వీటిలో మొదటిది ఎక్కువమందికి నచ్చదు, రెండోది మీవారికి నచ్చదు. అందుకే రెండింటికీ కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

మ్యాగజైన్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రేకుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన సన్నని పెట్టె, అడుగున స్ప్రింగు, దాని మీద తూటాల్ని పైకి తోసే చిన్న పలక. తూటాను బొటనవేలితో అదిమి ఒక్కొక్కటే లోపలికి దించాలి. మొదటి నాలుగైదు తేలిగ్గానే దిగుతాయి, పన్నెండు దాటాక స్ప్రింగు ఎదురు తిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పదిహేనోది దించేసరికి వేలు ఎర్రబడిపోతుంది. దీనికి చాలా రాష్ట్రాల్లో సీరియల్ నంబరు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. ఎప్పుడు తయారైందో చూసి చెప్పడం కూడా చాలాసార్లు కుదరదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చట్టం అమలు దగ్గర దీనితో పని ఉంది.

ముందే నింపి ఉంచుకున్న మ్యాగజైన్ మార్చడానికి సాధన ఉన్నవాడికి రెండు మూడు సెకన్లు చాలన్న మీవారి మాట నిజమే. రేంజ్‌లో నేనూ దాదాపు అంతలోనే మారుస్తాను. కానీ అక్కడ నా మీదికి ఎవరూ దూకరు, ఎవరూ అరవరు, చెయ్యి వణకదు. అసలు చోట ఆ మూడు సెకన్లు ఎంతవరకు సాగుతాయన్నదే ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు చావుల లెక్క చూద్దాం. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 2023లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు సుమారు 46,700 మంది. అందులో దాదాపు 27,300 ఆత్మహత్యలు. హత్యలు 18 వేలకు కాస్త తక్కువ. అంటే సగానికి పైగా చావుల్లో కాల్చినవాడూ పోయినవాడూ ఒక్కరే, ఖర్చయింది ఒక్క తూటా. అక్కడ మ్యాగజైన్‌లో పది ఉన్నాయా ముప్పై ఉన్నాయా అన్న ప్రసక్తే లేదు.

మిగిలిన హత్యల్లోనూ ఎక్కువ భాగం చేతి తుపాకీలతో జరిగేవే. తుపాకీ హత్యల్లో రైఫిల్‌తో జరిగినట్టు నమోదైనవి ఎఫ్‌బీఐ లెక్కల్లో 3 శాతం దగ్గర తిరుగుతాయి. ఇంట్లో గొడవ, పార్కింగ్ లాట్‌లో మాటా మాటా పెరగడం, డ్రగ్స్ లావాదేవీ, దోపిడీ లాంటివన్నీ ఇందులోకి వస్తాయి. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో పోలీసు రికార్డులు తిరగేసిన పరిశోధకులకు పదికి మించి తూటాలు పేలిన సంఘటనలు దాదాపు 3 శాతమే కనిపించాయి. మా రిజిస్ట్రీ ఫైళ్లలో నేను చూసే తీరు కూడా అదే. ఒకటో రెండో గాయాలు, చాలాసార్లు కాల్చినవాడు తెలిసినవాడే.

మనవాళ్ల సంగతే తీసుకోండి. మాస్టర్స్ చేస్తూ గ్యాస్ స్టేషన్‌లోనో చిన్న స్టోర్‌లోనో పార్ట్‌టైమ్ పనికి వెళ్లి దోపిడీ దొంగల చేతిలో పోయిన పిల్లల వార్తలు తెలుగు పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం. అలాంటి దోపిడీలో కౌంటర్ అవతలి నుంచి పేలేది సాధారణంగా ఒకటి రెండు తూటాలే. ఆ పిల్లల్ని ఏ మ్యాగజైన్ చట్టమూ కాపాడదు. అర్ధరాత్రి షిఫ్టులో ఒంటరిగా కూర్చోబెట్టని యజమాని, బుల్లెట్‌ప్రూఫ్ గ్లాసు, గల్లాలో డబ్బు ఉంచకపోవడం, అడిగితే ఎదురు చెప్పకుండా ఇచ్చేయడం లాంటివి కాపాడవచ్చు. సంఘాల మీటింగుల్లో ఎవరైనా మైకు పట్టుకుని "మ్యాగజైన్లు బ్యాన్ చేస్తే మన పిల్లలు బతుకుతారు" అంటే నాకు చిరాకేస్తుంది. పని చేయని చోట ఒక చట్టం పేరు చెప్పి, పనిచేసే చోట కూడా దాని పరువు తీస్తున్నారు.

ఈ "ఒకటి రెండు తూటాలు" అన్నది ఎప్పటికీ ఇలాగే ఉంటుందనీ అనుకోకండి. డెన్వర్‌లోని ఒక ట్రామా సెంటర్ 2000 నుంచి 2013 వరకు తమ దగ్గరికి వచ్చిన కేసుల్ని చూస్తే, తుపాకీ గాయాల తీవ్రతా, ఒకే మనిషికి తగిలిన తీవ్రమైన గాయాల సంఖ్యా పెరుగుతూ వచ్చాయి. వీధి ముఠాల దగ్గర పిస్టల్ పిడి కింద నుంచి జానెడు బయటికి పొడుచుకొచ్చే పొడవాటి మ్యాగజైన్లు ఇప్పుడు మామూలైపోయాయి. దానికి తోడు పిస్టల్‌ని ఆటోమేటిక్‌గా మార్చే చిన్న ముక్క ఒకటి, వాళ్ల భాషలో "స్విచ్". అది పెడితే ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే చాలు, మ్యాగజైన్ మొత్తం గుమ్మరించేస్తుంది. 2022 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో ముఠాల మధ్య కాల్పుల్లో ఆరుగురు పోయారు. అక్కడ దొరికిన ఒక దొంగ పిస్టల్‌ని ఇలాగే ఆటోమేటిక్‌గా మార్చారు, దానికి 24 తూటాల మ్యాగజైన్ తగిలించారు. తుపాకీ దొంగది, స్విచ్ నేరం, ఆ మ్యాగజైన్ కూడా ఆ రాష్ట్రంలో నేరమే. చట్టం ఉన్న చోటే జరిగిందిది. దీన్నిబట్టి చట్టం దండగ అని తీర్మానించేవాళ్లున్నారు. నాకు మాత్రం స్విచ్‌లు పెరిగే కొద్దీ మ్యాగజైన్ సైజుకు ప్రాధాన్యం పెరుగుతుందనిపిస్తుంది. పది తూటాల మ్యాగజైన్ ఉన్న పిస్టల్‌కి స్విచ్ పెట్టి నొక్కితే అర సెకనులో ఖాళీ అయిపోతుంది.

ఇక ఆ మూడు సెకన్ల దగ్గరికి వద్దాం.

2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో, ఒక సూపర్ మార్కెట్ ముందు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ జనంతో మాట్లాడుతున్నప్పుడు ఒక యువకుడు కాల్పులు జరిపాడు. వాడిదీ మీ ఇంట్లో ఉన్నలాంటి గ్లాక్ 19 పిస్టలే, కాకపోతే 33 తూటాల మ్యాగజైన్ పెట్టుకొచ్చాడు. అది మొత్తం ఖాళీ చేయడానికి పట్టింది సుమారు 15 సెకన్లు. ఆరుగురు చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ఆ తర్వాత జరిగిందే ఇక్కడ మనకు కావాల్సింది. రెండో మ్యాగజైన్ ఎక్కించే ప్రయత్నంలో ఉండగా, అప్పటికే తలకు తూటా రాసుకుపోయిన 74 ఏళ్ల రిటైర్డ్ కల్నలూ ఇంకొంతమందీ వాడి మీద పడ్డారు. 61 ఏళ్ల ఒకావిడ వాడి చేతికి అందకుండా ఆ మ్యాగజైన్ లాగేసుకుంది. కాల్పులు అక్కడితో ఆగిపోయాయి.

రెండేళ్ల తర్వాత గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ (అప్పటికి మాజీ వ్యోమగామి, ఇప్పుడు సెనేటర్) సెనేట్ కమిటీ ముందు చెప్పింది ఇది: మొదటి తూటా నా భార్య తలకు తగిలింది, పదమూడోది తొమ్మిదేళ్ల పాపకు తగిలింది. వాడి దగ్గర పది తూటాల మ్యాగజైన్ ఉండి ఉంటే ఆ పాప ఇవాళ బతికుండేదని ఆయన వాదన. ఏ తూటా ఎవరికి తగులుతుందో అంత ఖాయంగా చెప్పలేమని కోర్టులో ఒక లాయరు వాదించవచ్చు. అయినా పదమూడో తూటాకు ముందే ఒక విరామం వచ్చి ఉండేదన్నది మాత్రం ఖాయం.

అంతకుముందూ ఇలా జరిగింది. 1993 డిసెంబర్‌లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్ రైల్లో కాల్పులు జరిపినవాడు రెండు 15 తూటాల మ్యాగజైన్లు ఖాళీ చేసి మూడోదానికి చెయ్యి పెట్టినప్పుడు ముగ్గురు ప్రయాణికులు పట్టుకున్నారు. అప్పటికే ఆరుగురు పోయారు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఆ రైల్లో మొదటి విరామంలో ఎవరూ పట్టుకోలేదు, రెండో విరామంలో పట్టుకున్నారు. విరామం వస్తే అవకాశం దొరుకుతుంది, అంతకుమించి హామీ ఏమీ లేదు. అవకాశాలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదన్నదే ఈ చట్టం వెనక ఉన్న ఆలోచన.

మనకు బాగా దగ్గరి సంఘటన ఇంకోటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీర్‌ని జాత్యహంకారంతో కాల్చి చంపిన సంఘటన మన ఇళ్లలో ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు అక్కడున్న 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడు ఒకతను బల్ల కింద దాక్కుని పేలిన తూటాలు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, మ్యాగజైన్ ఖాళీ అయ్యుంటుందని లేచి వాడి వెంటపడ్డాడు. ఖాళీ కాలేదు. వాడు వెనక్కి తిరిగి కాల్చాడు, తూటా ఆ కుర్రాడి చేతిలోంచి ఛాతీలోకి వెళ్లింది. లెక్క తప్పినట్టున్నానని తర్వాత ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడు. అదృష్టం కొద్దీ బతికాడు. నా సహోద్యోగులెవరైనా "మ్యాగజైన్ సైజుతో ఏమవుతుంది" అన్నప్పుడు నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు. ఎదురుతిరిగే ధైర్యం ఉన్నవాడికి కావాల్సింది తుపాకీ ఎప్పుడు ఖాళీ అవుతుందన్న అంచనా. పెద్ద మ్యాగజైన్ ఆ అంచనాను దెబ్బతీస్తుంది.

మీవారి వైపు కూడా బలమైన ఉదాహరణ ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపినవాడి దగ్గర ఉన్నవి రెండు మామూలు పిస్టళ్లు, 10, 15 తూటాల మ్యాగజైన్లు. కాకపోతే అవి బ్యాగు నిండా తెచ్చుకున్నాడు. గవర్నర్ వేసిన విచారణ కమిటీ ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించి, పది తూటాల పరిమితి ఉన్నా పెద్ద తేడా వచ్చేది కాదని రాసింది. తలుపులు మూసిన క్లాస్‌రూముల్లో, తప్పించుకునే దారి లేని పిల్లల మధ్య, మ్యాగజైన్ మార్చుకునే తీరిక వాడికి దొరికింది. చట్టాన్ని సమర్థించేవాళ్లు ఈ కమిటీ నివేదిక ఊసెత్తరు. అవతలివాళ్లేమో దీన్ని తప్ప ఇంకోటి ఎత్తరు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది ఒహాయోలోని డేటన్. 2019 ఆగస్టు 4 అర్ధరాత్రి దాటాక బార్ల వీధిలో ఒకడు వంద తూటాల డ్రమ్ (గుండ్రటి పెద్ద మ్యాగజైన్) తగిలించిన తుపాకీతో కాల్పులు మొదలుపెట్టాడు. పోలీసులు అక్కడే ఉన్నారు. 32 సెకన్లలో వాణ్ణి కాల్చేశారు. ఇంతకన్నా వేగంగా ఏ దేశ పోలీసులూ రాలేరు. ఆ 32 సెకన్లలోనే 41 తూటాలు పేలాయి, తొమ్మిది మంది పోయారు. మ్యాగజైన్ మార్చాల్సిన అవసరం వాడికి ఒక్కసారి కూడా రాలేదు. "మంచివాడి చేతిలో తుపాకీ ఉంటే చాలు" అన్న వాదన నాకు ఈ సంఘటన దగ్గరే చతికిలబడుతుంది.

ఇలాంటివి ఒక్కొక్కటే చెబుతూ పోతే ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకోవచ్చు. మొత్తంగా పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

1994 సెప్టెంబర్ 13న వచ్చిన ఫెడరల్ చట్టం పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్ల తయారీని పదేళ్లు ఆపింది. 2004 సెప్టెంబర్‌లో గడువు ముగిసింది, కాంగ్రెస్ పొడిగించలేదు. ఆ పదేళ్ల ఫలితాన్ని ప్రభుత్వం కోసం పరిశీలించిన క్రిస్టఫర్ కోపర్ బృందం, తుపాకీ హింస మీద దాని ప్రభావం ఉంటే చాలా కొద్దిగానే ఉంటుందనీ, నమ్మకంగా కొలవలేనంత చిన్నది కావచ్చనీ రాసింది. తుపాకీ లాబీ ఈ వాక్యాన్ని ఇరవై ఏళ్లకు పైగా తిప్పి తిప్పి వాడుతోంది. అదే నివేదికలో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ చదవరు. చట్టం వచ్చేనాటికే జనం దగ్గర 2.5 కోట్ల దాకా పెద్ద మ్యాగజైన్లు ఉన్నాయి. వాటిని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. పైగా చట్టానికి ముందు తయారైనవేనని చెప్పి తర్వాతి ఏళ్లలో మరో 40 లక్షలకు పైగా విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నారు. అడుగున చిల్లి ఉంచి తొట్టి నింపినట్టే ఇది. నీళ్లు నిలవలేదని కుళాయిని తిడితే ఎలా?

వర్జీనియాలో పోలీసులు స్వాధీనం చేసుకున్న తుపాకుల రికార్డుల్ని వాషింగ్టన్ పోస్ట్ తిరగేస్తే మరో సంగతి బయటపడింది. పెద్ద మ్యాగజైన్ ఉన్న తుపాకుల వాటా ఆ చట్టం చివరి రోజుల్లో, 2004కి, దాదాపు 10 శాతానికి పడిపోయింది. గడువు ముగిశాక 2010 నాటికి రెట్టింపైంది. అంటే నిల్వలు కరగడానికే ఏళ్లు పట్టింది, అవి తగ్గేసరికి చట్టం పోయింది.

మాస్ షూటింగుల విషయంలో ఆధారం ఇంతకన్నా గట్టిగా ఉంది. 2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన పరిశీలన 1990 నుంచి 2017 వరకు ఆరుగురికి తక్కువ కాకుండా చనిపోయిన 69 సంఘటనల్ని తీసుకుంది. అందులో 44 చోట్ల పెద్ద మ్యాగజైన్లు వాడారు. అవి వాడిన చోట సగటు చావులు 62 శాతం ఎక్కువ. పరిమితి లేని రాష్ట్రాల్లో ఇలాంటి సంఘటనలు జరిగే రేటు, ఉన్న రాష్ట్రాల కంటే రెట్టింపు పైచిలుకే. 2020లో డేనియల్ వెబ్‌స్టర్ బృందం చేసిన మరో అధ్యయనంలో, మాస్ షూటింగులు తగ్గడంతో సంబంధం కనిపించిన చట్టాలు రెండే: పిస్టల్ కొనడానికి ముందు లైసెన్సు తీసుకోవాలన్నది ఒకటి, పెద్ద మ్యాగజైన్ల నిషేధం ఇంకోటి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్కువమందిని చంపాలని గట్టిగా అనుకున్నవాడే పెద్ద మ్యాగజైన్ కొంటాడు. అలాంటప్పుడు చావులు పెరగడానికి కారణం మ్యాగజైనా, వాడి పట్టుదలా? గ్యారీ క్లెక్ అనే క్రిమినాలజిస్టు ఈ ప్రశ్ననే చాలా ఏళ్లుగా వేస్తున్నాడు. ఇలాంటివాళ్లు ఎలాగూ రెండు మూడు తుపాకులు, బోలెడన్ని మ్యాగజైన్లు తెచ్చుకుంటారు కాబట్టి సైజు తగ్గించినా ఒరిగేదేమీ లేదంటాడు. వర్జీనియా టెక్ చూస్తే అతని మాట కొట్టిపారేయలేం. అందుకే కాబోలు, ఏ పక్షానికీ చెందని రాండ్ అనే పరిశోధన సంస్థ అన్ని అధ్యయనాలనూ జల్లెడ పట్టి, పెద్ద మ్యాగజైన్ల నిషేధం మాస్ షూటింగుల్ని తగ్గిస్తుందనడానికి "పరిమితమైన ఆధారం" ఉందని మాత్రమే తేల్చింది. దాని కొలమానంలో ఇది కింది మెట్టే, అయినా మెట్టే. మొత్తం హత్యల మీద ప్రభావం గురించి అయితే ఏమీ తేల్చలేమంది. నా అనుభవానికీ ఆ అంచనాకూ పెద్ద తేడా లేదు.

రాష్ట్రాల చట్టాల అసలు బలహీనత సరిహద్దులో ఉంది. 2019 జులైలో కాలిఫోర్నియాలోని గిల్‌రాయ్ వెల్లుల్లి జాతరలో కాల్చినవాడు ఆ తుపాకీని పక్కనే ఉన్న నెవాడాలో కొన్నాడు. దానికి 75 తూటాల డ్రమ్ ఉంది. ముందు సంవత్సరం థౌజండ్ ఓక్స్ బార్‌లో 12 మందిని చంపినవాడి దగ్గరా కాలిఫోర్నియాలో కుదరని మ్యాగజైన్లే ఉన్నాయి. కోర్టులు తెరిచే కిటికీలు వేరే. 2019 మార్చి చివర్లో ఒక ఫెడరల్ జడ్జి కాలిఫోర్నియా నిషేధాన్ని కొట్టేసినప్పుడు, మళ్లీ స్టే వచ్చేలోపు దొరికిన వారం రోజుల్లో లక్షల మ్యాగజైన్లు ఆ రాష్ట్రంలోకి వచ్చిపడ్డాయి. తుపాకీ అభిమానులు దానికి "ఫ్రీడమ్ వీక్" అని పేరు కూడా పెట్టుకున్నారు. మీరు వెళ్తున్న వాషింగ్టన్‌లోనైతే 2024 ఏప్రిల్ 8న కెల్సో అనే చిన్న ఊళ్లోని తుపాకుల దుకాణం కేసులో కింది కోర్టు చట్టం చెల్లదంది. రాష్ట్ర సుప్రీంకోర్టు స్టే ఇవ్వడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో దుకాణం ముందు క్యూ కట్టి వందల కొద్దీ కొనుక్కున్నారు. 2025 మేలో అదే సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో చట్టం చెల్లుతుందని తేల్చింది.

అంకె ఎంత ఉండాలన్న దాని మీద నాకు పట్టుదల లేదు. కొలరాడో 2013లో 15 పెట్టింది. ఇల్లినాయ్ రైఫిల్‌కి 10, పిస్టల్‌కి 15 అంది. న్యూయార్క్ అదే 2013లో ఆవేశంగా 7 పెట్టేసింది, తీరా ఎక్కువ తుపాకులకు 7 తూటాల మ్యాగజైన్లే తయారు కావని తేలింది, ఆ ఏడు తూటాల నిబంధనను కోర్టు కూడా కొట్టేసింది. చట్టం రాసేవాళ్లు రేంజ్‌కి ఒక్కసారి వెళ్లొస్తే ఇలాంటి నవ్వులపాటు ఉండదు. కొలరాడోలో ఆ చట్టానికి ఓటేసిన పాపానికి సెనేట్ ప్రెసిడెంట్‌తో సహా ఇద్దరు రాష్ట్ర సెనేటర్లను జనం రీకాల్ ఎన్నికల్లో (పదవీకాలం మధ్యలోనే తొలగించే ఓటింగ్‌లో) దింపేశారు. రాజకీయ నాయకులు దీన్ని తాకడానికి ఎందుకు భయపడతారో దీనితో అర్థమవుతుంది.

మీవారు అడిగే ఇంకో ప్రశ్న నాకు తెలుసు: "ఇంట్లోకి నలుగురు దొంగలు వస్తే పది సరిపోతాయా?" తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తానే సేకరించి ప్రచురించే ఆత్మరక్షణ కథనాల్ని కోర్టు కేసుల్లో ఒక నిపుణురాలు లెక్కగట్టింది. అలాంటి సందర్భాల్లో సగటున పేల్చింది 2.2 తూటాలు. పదికి మించి పేల్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. భయంలో ఒక్కొక్కరి చేతికి పది సరిపోకపోవడం అసాధ్యమని నేననను. కానీ ఒక చట్టాన్ని తూచేటప్పుడు ఆ అరుదైన రాత్రినీ టూసాన్ పొద్దుటినీ రెండు పళ్లేల్లో పెట్టాలి కదా. నాకైతే టూసాన్ వైపే మొగ్గు కనిపిస్తుంది.

మీరు నిజంగా చావులు తగ్గించే చట్టం కోసం చూస్తుంటే, నా ఓటు ముందు వేరేవాటికి. పిల్లల చేతికి తుపాకీ అందకుండా తాళం వేసి ఉంచాలన్న చట్టాలకు రాండ్ తన కొలమానంలో పైమెట్టు ఇచ్చింది. పిల్లల ఆత్మహత్యలు, పొరపాటున పేలడాలు వాటితో తగ్గుతాయి. కొనేముందు పర్మిట్ తీసుకోవాలన్న చట్టం రెండోది. వాషింగ్టన్ 2025లో అలాంటిది చేసింది, 2027 మే నుంచి అమల్లోకి వస్తుంది. మ్యాగజైన్ పరిమితి నా జాబితాలో మూడోదో నాలుగోదో. ఊళ్లో ఉన్న మా అన్నయ్య ఇవన్నీ విని "అసలు తుపాకీకే లైసెన్సు పెట్టొచ్చు కదరా, ఈ డబ్బాల గోలేంటి" అంటాడు. ఇండియాలో కథ అక్కడే మొదలై అక్కడే అయిపోతుంది. ఇక్కడ జనం కంటే ఎక్కువ తుపాకులు ఇప్పటికే ఇళ్లలో ఉన్నాయి, ఆయుధం ఉంచుకునే హక్కునిచ్చే రెండో సవరణ రాజ్యాంగంలో ఉంది. అందుకే పక్కదారులన్నీ వెతుకుతున్నారు.

ఇక మీ ప్రయాణం సంగతి. వాషింగ్టన్ చట్టం 2022 జులై 1 నుంచి అమ్మకాన్నీ తయారీనీ మాత్రమే కాదు, బయటి నుంచి రాష్ట్రంలోకి తేవడాన్నీ నిషేధించింది. అప్పటికే అక్కడున్నవాళ్లు తమవి ఉంచుకోవచ్చు. కొత్తగా మారి వచ్చేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఆ 15 తూటాల మ్యాగజైన్లను టెక్సస్‌లోనే అమ్మేయండి, లేదా అక్కడే ఉండే స్నేహితులకు ఇచ్చేయండి. సామాన్ల ట్రక్కులో పొరపాటున కూడా వేయకండి. గ్లాక్ 19కి కంపెనీవే 10 తూటాల మ్యాగజైన్లు దొరుకుతాయి, అవి కొనుక్కోమనండి. వెళ్లే ముందు అక్కడి లాయరుతో ఒకసారి మాట్లాడితే పిస్టల్ విషయంలో మిగతా నిబంధనలు కూడా తెలుస్తాయి, అక్కడివి టెక్సస్‌లా ఉండవు. మీ స్నేహితుల్లో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లెవరైనా మీవారిని చూసి కొందామనుకుంటుంటే వాళ్లకో మాట చెప్పండి: వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ ఉంచుకోవడం వాళ్లకు ఫెడరల్ నేరం.

చివరిగా, మీ ఉత్తరంలో గ్లాక్ ఉందని రాశారు గానీ అది ఎక్కడ ఉందో రాయలేదు. బట్టల బీరువాలో చీరల కిందో, మంచం పక్క డ్రాయర్‌లోనో ఉంటే, మ్యాగజైన్ సైజు గురించి మీ ఇద్దరి వాదన కాస్త పక్కన పెట్టి ముందు తాళం పెట్టె కొనండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద ఉంచండి. తాళంచెవి ఎక్కడుందో అమ్మాయికి తెలియకూడదు.